కాదంటే కాదని రాసివ్వండి

తొలిసారి తుపాకీ లైసెన్స్‌కు దరఖాస్తు పెట్టుకున్న మామూలు మనిషికి మన అధికారులు అవుననీ చెప్పరు, కాదనీ చెప్పరు. ఆఫీసులో అడిగితే ఫైల్ ఠాణాలో ఉందంటారు. ఠాణాలో అడిగితే ఎప్పుడో పైకి పంపామంటారు. అదే దరఖాస్తుకు ఓ నాయకుడి లెటర్‌ప్యాడ్ తోడైతే ఫైల్‌కు కాళ్లొస్తాయి. వరంగల్ నుంచి ఆదిలాబాద్ దాకా పాఠకులకు ఈ తతంగం గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. పైరవీ లేనిదే కదలని ఈ పద్ధతిని అందరూ మామూలు సంగతిగా తీసుకోవడమే మాకు మింగుడుపడటం లేదు.

చట్టంలో దాపరికమేమీ లేదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం దరఖాస్తు అందగానే దగ్గర్లోని ఠాణా నుంచి నివేదిక తెప్పించుకోవాలి. 2016 నిబంధనలు ఆ నివేదికకు 30 రోజులు, అది అందాక నిర్ణయానికి 60 రోజులు గడువు పెట్టాయి. పోలీసు నివేదిక గడువులోగా రాకపోతే దాని కోసం ఎదురుచూడకుండానే ఉత్తర్వు ఇచ్చే అధికారం కూడా ఉంది. కమిషనరేట్ల పరిధిలో పోలీసు కమిషనర్, మిగతా చోట్ల కలెక్టర్ తేల్చాల్సిన విషయమిది. నిరాకరిస్తే కారణాలు నమోదు చేయాలి. ప్రజాప్రయోజనానికి భంగమైతే తప్ప, అడిగినవారికి వాటిని రాసివ్వాలి. వాళ్లు అప్పీలుకు పోవచ్చు. కాదన్న కాగితమే చేతికి రాకపోతే ఇక అప్పీలు దేని మీద?

ఆస్తి సంగతి చూడండి. తగినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో లైసెన్స్ నిరాకరించకూడదని 14వ సెక్షన్ చెబుతోంది. కానీ తుపాకీ అనగానే పెద్దిల్లు, పెద్దకారు, వెంట నలుగురు మనుషులు ఉన్నవాడే అర్హుడన్నట్టు మన వ్యవస్థ నడుస్తోంది. మక్క చేను అడవి పందుల పాలైన రైతు సంగతేమిటి? పంట కాపలాకు నాటు తరహాలో గొట్టం ముందు నుంచి మందు కూరే తుపాకీకి, అది చాలదనుకుంటే డబుల్ బ్యారెల్ లాంటి దానికి లైసెన్స్ ఇచ్చే వీలు ఇదే చట్టంలో ఉంది. (లైసెన్స్ ఉన్నంత మాత్రాన పందిని కాల్చడం కుదరదు. దానికి 1972 వన్యప్రాణి చట్టం కింద వేరే అనుమతి కావాలి.) ములుగు, భూపాలపల్లి వైపు దొంగచాటుగా కరెంటు తీగలు పరుస్తున్నారు. పందుల కోసం పెట్టిన తీగకు మనుషులే బలవుతున్నారు. ప్రతి దరఖాస్తుకూ లైసెన్స్ ఇచ్చేయాలని మేం అనడం లేదు. పరిశీలించి ఏదో ఒకటి చెప్పాలంటున్నాం.

తుపాకులు పెరిగితే ప్రమాదమని, నక్సల్స్ కాలం చూసిన ప్రాంతంలో ఆచితూచి అడుగేయాలని అధికారులు అంటారు. నిజమే, కాదనం. మరి ఆ జాగ్రత్త సిఫారసు లేఖ కనబడగానే ఎటు పోతోంది? భద్రతా శిక్షణ తీసుకున్నాడా, వైద్య ధ్రువపత్రం ఉందా, తుపాకీ దాచే చోటు ఇంట్లో ఉందా అన్న ప్రశ్నలు నాయకుడి బావమరిదికి వర్తించవా? ఊరేగింపుల్లో, పెళ్లి బరాత్‌ల్లో గాల్లోకి కాల్చి ఇతరుల ప్రాణం మీదికి తెస్తే రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ అని 2019లో ఆయుధాల చట్టం సవరించాల్సి వచ్చింది. ఆ సవరణ పంట కాపలాదారుల కోసం రాలేదు. తుపాకీని హోదాగా చూపించుకునేవాళ్ల కోసం వచ్చింది. వాళ్ల ఫైళ్ల మీద సంతకాలు పెట్టింది ఎవరు?

తుపాకీ ఎవరి చేతిలో ఉంటుందన్నది ఈ నేలకు చిన్న ప్రశ్న కాదు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్యను బలితీసుకున్నవి విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తుపాకులు. దొరకు ఒక న్యాయం, రైతుకు ఒక న్యాయం వద్దనే కదా అంత తెలంగాణ సాయుధ పోరాటం జరిగింది! ఇప్పుడు దొర గడీకి బదులు లెటర్‌ప్యాడ్ వచ్చింది. ఇవాళ తుపాకీ ఫైల్‌కు చెల్లిన సిఫారసు రేపు ఇంకో ఫైల్‌కు చెల్లుతుంది. ఒకరికి మినహాయింపు ఇచ్చాక పక్కవాడికి లేదనడానికి అధికారికి నోరెక్కడిది?

లైసెన్స్ అధికారులను అడిగేది ఒక్కటే. గడువు దాటిన దరఖాస్తులు ఎన్నో, ఏ ఠాణా దగ్గర ఆగాయో, వాటిలో సిఫారసు లేఖలు జతైనవి ఎన్నో లెక్కతీసి నోటీసు బోర్డు మీద పెట్టండి. పేర్లు అక్కర్లేదు, లెక్క చాలు. ఆ లెక్క బయటపెట్టడానికే టెన్షన్ పడేవాళ్లు భద్రత గురించి జనానికి పాఠాలు చెప్పడం మానుకోవాలి.