ఒళ్లు చేశాక సరిపోతుంది

ఓరుగల్లులో పెళ్లికొడుకు వాచీని పెళ్లికొడుకు కొలతకు కొనరు. ఇరవై ఏళ్ల తర్వాత అతను కాబోయే పెద్దమనిషి కొలతకు కొంటారు. బడి లాగును రెండేళ్ల ఎదుగుదలకు వదిలి కుట్టించే జాతి, ముప్పై ఏళ్లవాడి మణికట్టును మాత్రం చిన్నచూపు చూస్తుందా? "కాస్త వదులుగా ఉంది మామయ్యా" అని నసిగాను. "ఉండనీయండి అల్లుడుగారూ, ఒళ్లు చేశాక సరిపోతుంది" అని దీవించారు. పదకొండేళ్లయింది. దీవెన ఫలించింది కానీ నడుము దగ్గరే ఆగిపోయింది, మణికట్టు దాకా రాలేదు.

వదులు వాచీ వల్ల పౌరజీవనానికి కలిగే నష్టాన్ని ఏ ప్రభుత్వమూ లెక్కించలేదు. హనుమకొండ చౌరస్తాలో టైము చూడాలంటే నేను చెయ్యి పైకెత్తి రెండుసార్లు విదిలించాలి. కిందికి జారిన డయలు అప్పుడు గానీ పైకి రాదు. ఈలోగా మూడు ఆటోలు ఆగుతాయి. పెళ్లి మాటల్లో బండికీ బీరువాకూ జాబితా రాసుకునే పెద్దలు, వాచీకి లింకులు తీయించే బాధ్యత ఎవరిదో కూడా అందులోనే తేల్చేస్తే ఈ అవస్థ ఉండదు కదా!

చివరికి ఆ పని నేనే చేయబూనాను. స్టీలు చైను లోపలి వైపు లింకుల మీద చిన్న బాణం గుర్తులుంటాయి. పిన్నును బాణం చూపిన దిక్కుకు తోసి తీయాలి, పెట్టేటప్పుడు ఎదురు దిక్కు నుంచి పెట్టాలి. ఇంత స్పష్టమైన దారి సూచిక మన నగరంలో ఏ కూడలిలోనూ నేను చూడలేదు. అయినా తప్పాను. ఒక పిన్ను ఎగిరి మంచం కిందికి పోయింది. ఇల్లంతా నేల మీద పడి వెతికాం. దొరికినవి రెండు బొత్తాలు, ఒక రూపాయి.

వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని పురావస్తు శాఖవారు రాళ్లకు నంబర్లు వేసి విప్పి, మళ్లీ పేర్చి 2024లో తెరిచేసరికి ఒకటిన్నర దశాబ్దం దాటింది. ఆ ఆలస్యాన్ని వెక్కిరించినవాళ్లలో నేనూ ఉన్నాను. నాలుగు లింకులు విప్పిన రాత్రి ఆ మాటలన్నీ వెనక్కి తీసుకున్నాను. వాళ్లు నంబర్లైనా వేశారు.

మర్నాడు స్టేషన్ రోడ్డులో ఒక వాచీ రిపేరు పెద్దాయన దగ్గరికి వెళ్లాను. కంటికి భూతద్దం తగిలించుకుని, నా పనితనాన్ని శవపరీక్ష చేసినట్టు పరిశీలించాడు. "నాలుగూ ఒకే పక్క తీశారా?" అన్నాడు. అందుకే లాకు మణికట్టు అంచుకు పోయిందట. రెండు పక్కలా సమానంగా తీస్తేనే అది చేతి కింద నడిమధ్యన కూర్చుంటుంది. బేసి లింకు మిగిలితే ఆరు అంకె వైపు తీయడం మేలు. అసలు ముందు చూడాల్సింది లాకు పక్కనున్న రంధ్రాలనట. చైనును లాకుకు పట్టి ఉంచే స్ప్రింగు పుల్లను ఒక్క రంధ్రం జరిపితే లింకు కన్నా తక్కువ తేడాతో సర్దుకోవచ్చు. మే నెల ఎండకు చెయ్యి కాస్త ఉబ్బుతుంది కనుక పొద్దున్నే కొలత తీసుకుని బిగించేస్తే మధ్యాహ్నానికి సంకెల అవుతుంది. చిటికెన వేలి కొన దూరేంత సందు వదిలాడు. అంతా ఐదు నిమిషాల పని. పదకొండేళ్లు విదిలించిన నా చెయ్యి ఏమనుకుందో!

తీసిన లింకులు పొట్లం కట్టి ఇచ్చి, "దాచుకోండి, ఒళ్లు చేస్తే పనికొస్తాయి" అన్నాడు. ఇతనూ మా మామగారి పక్షమే. పొట్లం బీరువాలో చేరింది.

దసరాకు అత్తవారింటికి వెళ్లాం. జమ్మి ఆకు పెట్టి అలాయ్ బలాయ్ ఇస్తూ మామగారు నా చెయ్యి పట్టుకుని ఆగిపోయారు. వాచీని అటూ ఇటూ కదిపి చూశారు. జారలేదు. ఆయన ముఖం వెలిగిపోయింది.

"ఏమే, ఇటు రా! అల్లుడుగారు ఒళ్లు చేశారు!"