నత్తలు అడిగితే నక్షత్రం పంపించినాడు

పొద్దున బస్టాండుకు పోయి తెచ్చుకున్న థర్మాకోల్ డబ్బా మూత తీసినప్పటి నుంచి ఒళ్ళు మండిపోతోంది. ఇంట్లోని నా ఉప్పునీళ్ళ అక్వేరియం ట్యాంకులో నాచు మేయడానికి నేను చెప్పింది ఆరు సెరిత్ నత్తలు, నాలుగు నెరైట్ నత్తలు. అంతే. వచ్చినవేమో నత్తల ఖాళీ చిప్పల్లో కాపురముండే హెర్మిట్ పీతలు పది, నాలుగు ఆస్ట్రియా నత్తలు, పైపెచ్చు ఇసుక జల్లించే స్టార్‌ఫిష్ ఒకటి. ఫోన్ చేస్తే ఆ బెంగళూరు షాపు పిల్లోడు తొణకడు బెణకడు. "సెరిత్ స్టాక్ లేదన్నా, అదే రేటులో ఇంకా మంచివి వేసినా. స్టార్ నా తరఫున గిఫ్ట్" అంటాడు. గిఫ్టంట! నోరు లేని ప్రాణిని చావడానికి నా ఇంటికి పంపించి, పైగా థ్యాంక్స్ చెప్పించుకోవాలని చూస్తున్నాడు.

ఈ స్టార్‌ఫిష్ సంగతి తెలియనివాళ్ళ కోసం చెప్తా. అది ఇసుక శుభ్రం చేయదు. ఇసుకలో బతికే చిన్న చిన్న పురుగుల్ని, కోపీపాడ్లనే బుల్లి రొయ్యల్లాంటి ప్రాణుల్ని, చిన్న నత్తల్ని ఏరుకొని తింటుంది. అంటే మన ఇసుకను నిజంగా శుభ్రంగా ఉంచేవాటినే తినేస్తుందన్నమాట. నాది 150 లీటర్ల ట్యాంకు, కొత్తది, ఇసుకలో ఇంకా పురుగూ పుట్రా ఏమీ చేరలేదు. అది తినేదానికి ఏముంది, నా తలకాయ? ఏళ్ళ తరబడి నడిచిన పెద్ద ట్యాంకులో, ఇసుక బోలెడంత ఉన్నచోట అయితే ఏమో గానీ, మనలాంటి వాళ్ళ ఇళ్ళల్లో అది కొన్ని నెలలు లోపల్లోపలే మాడి, ఒకరోజు చేతుల కొసల నుంచి కుళ్ళడం మొదలుపెడుతుంది. పొద్దున కవర్లో చూసినా దాన్ని. ఐదు చేతులు, అంచుల వెంబడి దువ్వెన పళ్ళలా ముళ్ళు, ఒక్కో చేతి కొస పైకెత్తి ప్లాస్టిక్ కవరును తడుముతోంది, ఇసుక యాడుందా అని.

హెర్మిట్లదింకో కథ. నీళ్ళు అలవాటు చేద్దామని అన్నిటినీ టబ్బులో వేసి సన్న పైపుతో చుక్క చుక్క పోస్తున్నా. ఆస్ట్రియా ఒకటి వెల్లకిలా పడింది. ఆస్ట్రియాతో వచ్చిన తంటానే అది, ఇసుక మీద బోర్లా తిరగడం దానికి చేతకాదు, ఎవరో ఒకరు తిప్పాలి, లేకుంటే అట్లే పడి చస్తుంది. నేను తువ్వాలు తెచ్చుకునేలోపు నీలం కాళ్ళ హెర్మిట్ ఒకటి దాని మీదికెక్కి, రెండు కొండీలూ నత్త మూత అంచున పెట్టి పెకలిస్తోంది. ఇంకా ట్యాంకులోకి కూడా పోలేదప్పా, టబ్బులోనే మొదలు! హెర్మిట్లు ఆకలేసినా నత్తనే తింటాయి, చిప్ప నచ్చినా నత్తనే చంపుతాయి. ఖాళీ చిప్పలు సైజువారీగా పక్కన పడేస్తే కొంత తగ్గుతుంది, అంతే. నత్తల్నీ వాటినీ ఒకే ప్యాకేజీలో కట్టి అమ్మేవాడికి దండం పెట్టాల.

ఈ ప్యాకేజీ అనే మాట వింటేనే నాకు కంపరం. 'క్లీనప్ క్రూ కాంబో, కొత్త ట్యాంకులకు స్పెషల్' అట, అంటే ట్యాంకు శుభ్రం చేసే నత్తలు, పీతలు అన్నీ ఒకే కట్టగా. కొత్త ట్యాంకుకు కాంబో ఎందుకురా స్వామీ? రాళ్ళు, ఇసుక, ఉప్పునీళ్ళు పెట్టినాక బ్యాక్టీరియా కుదురుకోడానికి నెల, నెలన్నర పడుతుంది. అమోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు రావాల. ఆలోపు ఏ ప్రాణిని వేసినా విషంలో వేసినట్టే. అది దాటినాక రాళ్ళ మీద, అద్దం మీద గోధుమ రంగు పొర వస్తుంది. డయాటమ్లనే సన్న నాచు అది. నీళ్ళలో సిలికేట్ ఉన్నంతకాలం ఉండి, అది అయిపోతే వాటంతట అవే పోతాయి. సరిగ్గా ఆ టైములోనే ఈ షాపులవాళ్ళు ఫోటో చూసి 'అన్నా, నలభై నత్తలు వెయ్యాల' అంటారు. నలభై నత్తలు వేస్తే వారంలో పొర మాయం, ఆ తర్వాత నలభై నత్తలకు పస్తులు, ఒక్కొక్కటీ చచ్చి కుళ్ళి మళ్ళీ అమోనియా. రెడ్డొచ్చె మొదలాడు.

లెక్క ఎక్కడిదంటారా? గ్యాలనుకు ఒక నత్త. అమెరికా లెక్క. మనలో గ్యాలన్ ఎంతో తెలిసినవాళ్ళు చేతులెత్తండి. 3.78 లీటర్లు. ఆ లెక్కన నా ట్యాంకుకు నలభై దాకా రావాల, షాపోడికి పండగ. ట్యాంకులో ఎంత నాచు ఉందో చూసి కదా వెయ్యాల్సింది, ఎన్ని నీళ్ళు పడతాయో చూసి కాదు. నాలుగు వేసి చూడు, అద్దం మీద పొర ఇంకా గట్టిగా ఉంటే ఇంకో నాలుగు వెయ్యి. ఇంత చిన్న మాట ఎవ్వరూ చెప్పరు, ఎందుకంటే నాలుగు నత్తలకు బిల్లు ఏమొస్తుంది.

నేను సెరిత్ ఎందుకు అడిగినానంటే అవి రాత్రిపూట బయటికొచ్చి ఇసుకలోనూ అద్దం కింది భాగంలోనూ మేస్తాయి, ఎవరి జోలికీ పోవు. నెరైట్లు అద్దం మీద బాగా పనిచేస్తాయి, తెల్ల గుడ్లు అంటించి గీకినా పోకుండా చేస్తాయి, మూత లేకుంటే బయటికి నడిచి పోతాయి, అయినా సరే అనుకున్నా. నాసేరియస్ నత్తలు వద్దనుకున్నా, అవి నాచు ముట్టవు, ఇసుకలో కూరుకొని గొట్టం మాత్రం పైకి పెట్టుకొని ఉంటాయి, మేత వాసన తగిలితే లేస్తాయి. చేపలే లేని ట్యాంకులో వాటికేం పని? ఇంత ఆలోచించి పది నత్తలు రాసి పంపితే, వాడు చదవకుండా చేతికొచ్చింది కట్టినాడు.

పోయినసారి ఇంకో పెద్దమనిషి సీ కుకుంబర్ (దోసకాయలా ఉండే మెత్తటి సముద్ర ప్రాణి) పంపిస్తానన్నాడు, ఇసుకకు బెస్ట్ అట. అయ్యా, సీ కుకుంబర్లు అన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో షెడ్యూల్ 1లో ఉన్నాయి. పులి ఉన్న షెడ్యూలే. నా ఇసుక శుభ్రం కావడానికి నేను జైలుకు పోవాలా?

అసలు కడుపుమంట ఇదీ కాదు. అనంతపురం అని చెప్పగానే వాళ్ళ గొంతు మారిపోతుంది చూడండి, అది. "అనంతపురంలో రీఫ్ ట్యాంకా సార్?" అని, అదే ఈ ఉప్పునీళ్ళ ట్యాంకు గురించి, ఒక నవ్వు. హైదరాబాదువాళ్ళకు ప్రాణం పోయినవాటికి బదులు పంపిస్తారు, ఫోటో అడిగి మరీ. మనకు మాత్రం 'ఆ రూట్‌కు గ్యారంటీ లేదు'. నేషనల్ హైవే 44 మీద రెండొందల పైచిలుకు కిలోమీటర్లు, బెంగళూరు నుంచి ఇక్కడికి. ఏదో చంద్రమండలానికి పంపుతున్నట్టు మాట్లాడతారు. ఈ ఊరికి ఏది పంపినా నడుస్తుంది, వీళ్ళు వెనక్కి పంపరు, అరవరు, సర్దుకుపోతారు అనే ధైర్యం. ఒక్క నత్తల్లోనేనా ఇది? మిగిలిపోయినవి, అమ్ముడుపోనివి, ఎవరూ వద్దన్నవి ఇటుపక్క తోలడం వీళ్ళకు ఎప్పటి నుంచో అలవాటే.

బయటివాళ్ళను అని ఏం లాభం, ఇంట్లోవాళ్ళు మాత్రం తక్కువా. మా చిన్నమామ వచ్చి ట్యాంకు ముందు నిలబడి "తాగే నీళ్ళకే గతి లేని ఊర్లో ఉప్పునీళ్ళ తొట్టా? ఆ డబ్బుతో ఒక బోరు వేసుకోవచ్చు కదా నాయనా" అన్నాడు. బోర్ల గురించి ఆయన చెప్పాలి! ఆయన వేయించిన బోర్లలో దుమ్ము తప్ప చుక్క పడిందా ఎప్పుడైనా? ఉన్న బోర్లలో ఫ్లోరైడ్, పైన ఇంత లవణం, ఆ నీళ్ళు నేరుగా ట్యాంకులో పోస్తే నాచు తోటే. అందుకే ఆర్వో తర్వాత మిగిలిన లవణాలు కూడా లాగేసే డీఐ ఫిల్టర్ పెట్టి, టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాల లెక్క) సున్నా చూసుకొని, అప్పుడు ఉప్పు కలుపుతా. ఎండాకాలం ఫ్యాన్ పెడితే నీళ్ళు ఆవిరై ఉప్పదనం పెరుగుతుంది, మళ్ళీ మంచినీళ్ళు పోస్తా. చేప కాస్త ఓర్చుకుంటుంది గానీ ఈ నత్తలు, స్టార్లు ఉప్పదనం ఉన్నట్టుండి మారితే తట్టుకోలేవు. ఇవన్నీ మామకు చెప్తే "అవునా, మరి చేపలెక్కడ?" అన్నాడు. ఇంకేం చెప్పాల.

కామెంట్లలో 'బ్రో, నాచు వస్తే ఎమరాల్డ్ పీత వెయ్యి' అని రాసేవాళ్ళు ఒక్క నిమిషం ఆగండి. అది బుడగల నాచు తింటుంది, నిజమే, నాకు ఆ నాచే లేదు. నాచుకు కారణం లైటు ఎక్కువసేపు వేయడం, మేత ఎక్కువ పోయడం, నైట్రేట్, ఫాస్ఫేట్ పెరగడం. ఏ నత్తా చేప రెట్ట తిని బతకదు, పైగా తానే రెట్ట వేస్తుంది. నీళ్ళు మార్చే పని నత్తకు అప్పజెప్పాలనుకునేవాళ్ళు బంగారు చేప పెంచుకోండి. వద్దులే, పాపం అదీ చస్తుంది.

ఇప్పటి పరిస్థితి: ఆస్ట్రియాలు నాలుగూ ట్యాంకులోకి పోయినాయి, పడిపోకుండా రాళ్ళ మీదే పెట్టినా. హెర్మిట్లు ఖాళీ చిప్పలతో సహా విడిగా టబ్బులో, హీటరు, చిన్న పంపు పెట్టి. స్టార్ ఇసుక పోసిన ఇంకో డబ్బాలో. నాలుగైదు వందల లీటర్లు, కనీసం ఏడాది పైన నడిచిన ట్యాంకు ఉన్నవాళ్ళు, అనంతపురం, ధర్మవరం, హిందూపురం ఎవరైనా సరే, మెసేజ్ పెట్టండి. బస్సులో మళ్ళీ పంపను, డబ్బా తెచ్చుకొని మీరే రావాల. ట్యాంకు ఫోటో ముందు పంపండి. రేటెంత అని అడగొద్దు, ఊరికే ఇస్తున్నా. ఆ షాపు పేరు కూడా అడగొద్దు, నా పది నత్తల డబ్బు ఇంకా వాడి దగ్గరే ఉంది.