థైరాయిడ్ క్యాన్సర్ రోగికి 'నార్మల్' అని ఎలా చెబుతారు?

మా అక్కకు పాపిల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ వచ్చింది. గ్రంథి మొత్తం తీసేసి, తర్వాత మిగిలిన థైరాయిడ్ కణాలను చంపే రేడియో అయోడిన్ ఇచ్చారు. వైద్యం మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. కోపమంతా ఆ తర్వాత రక్తపరీక్షల పేరిట జరుగుతున్న తంతు మీదే.

ల్యాబులో 'థైరాయిడ్ టెస్ట్' అంటే టీ3, టీ4, టీఎస్‌హెచ్ చేసి పంపేస్తారు. గ్రంథి లేని లోటు తీర్చడానికి రోజూ వేసుకునే హార్మోన్ మాత్ర మోతాదు సరిపోతోందో లేదో అవి చెబుతాయి. జబ్బు తిరగబెట్టిందా అంటే చెప్పలేవు. అందుకు థైరోగ్లోబ్యులిన్ చూడాలి. థైరాయిడ్ కణాలు, వాటి నుంచి పుట్టిన ఈ రకం క్యాన్సర్ కణాలు మాత్రమే తయారుచేసే ప్రొటీన్ అది. గ్రంథే లేనప్పుడు అది రక్తంలో దాదాపు ఉండకూడదు. మాత్ర వాడుతున్నప్పుడు మిల్లీలీటరుకు 0.2 నానోగ్రాముల లోపు ఉంటే నిశ్చింత.

అక్క రిపోర్టులో 0.6 వచ్చింది. పక్కన అచ్చువేసిన నార్మల్ రేంజ్‌లో అది హాయిగా ఇమిడిపోయింది. కౌంటర్‌లో అమ్మాయి "అంతా నార్మలేనండీ" అని కవరు చేతికిచ్చింది. ఆ రేంజ్ మెడలో గ్రంథి ఉన్నవాళ్లది! డాక్టరు చూసి మెడకు అల్ట్రాసౌండ్ రాశారు. అందులో ఏమీ కనిపించలేదు, ఆ అంకె కూడా తర్వాత తగ్గింది. కానీ డాక్టరు దగ్గరకు వెళ్లకుండా కవరు బీరువాలో పెట్టేసేవాళ్లు ఎందరు లేరు?

ఇంతకన్నా పెద్ద చిక్కు యాంటీబాడీలతో. ఈ క్యాన్సర్ వచ్చిన ప్రతి నలుగురైదుగురిలో ఒకరికి థైరోగ్లోబ్యులిన్‌ను పట్టేసే యాంటీబాడీలు ఉంటాయి. అవి ఉంటే, మామూలుగా వాడే పరీక్షా పద్ధతిలో అసలు అంకె తగ్గి కనిపిస్తుంది. అంటే జబ్బు ఉన్నా రిపోర్టు శుభ్రంగా వస్తుంది. అందుకే ఆ యాంటీబాడీలను కొలిచే యాంటీ థైరోగ్లోబ్యులిన్ పరీక్ష కూడా అదే రక్తంతో ప్రతిసారీ చేయాలి. యాంటీబాడీలు ఉన్నవాళ్లకు ఆ యాంటీబాడీల అంకె ఏటికేడు తగ్గుతోందా, పెరుగుతోందా అన్నదే ఆధారం. చీటీలో అది లేకపోతే రాయమని అడగండి, మొహమాటపడకండి.

డిస్కౌంటు ఉందని ల్యాబు మార్చకండి. పద్ధతి మారితే అంకే మారుతుంది, పాతదానితో పోల్చడానికి వీలుండదు. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి, కొన్ని యంత్రాలను అవి పక్కదారి పట్టిస్తాయి. మెడుల్లరీ అనే మరో రకం థైరాయిడ్ క్యాన్సరైతే లెక్క వేరు, అక్కడ రక్తంలో కాల్సిటోనిన్, సీఈఏ అనే వేరే పదార్థాలను చూస్తారు.

ల్యాబులవాళ్లను అడిగేది ఒక్కటే. 'ఈ రేంజ్ గ్రంథి తీసేసినవారికి వర్తించదు' అని రిపోర్టులో, థైరోగ్లోబ్యులిన్ అంకె పక్కనే, తెలుగులో ఒక్క వాక్యం అచ్చువేయండి.