హేర్ డ్రైయర్‌తో కాదు సార్, హీట్ గన్ కావాల

ఆర్టికల్ బాగుంది గానీ బొమ్మ కారుకు బానెట్ స్కూప్ (బానెట్ మీద గాలి పోయేకి ఉబ్బెత్తుగా ఉండే భాగం) చేసేకి ప్లాస్టిక్ షీట్‌ని హేర్ డ్రైయర్‌తో వేడి చేసి వంచితే చాలని రాసినారే, అది నాకైతే కుదర్లే. ఆ షీట్ ప్లాస్టిక్ స్టైరీన్, అది మెత్తబడాలంటే 100 డిగ్రీల దాకా పోవాల, దానికి హేర్ డ్రైయర్ కంటే బాగా వేడి గాలి కొట్టే హీట్ గన్ కావాల, మా కడప ఎండకే మెత్తబడేదైతే మే నెలలో మిద్దె మీద పెట్టి చేసుకుందుము గదా.

నేనైతే ముందు టేకు ముక్కతో అచ్చు చేసుకుంటా, వడ్రంగి దగ్గర తునకలు ఊరికే దొరుకుతాయి, ఇంటి ముందర కడప బండ మీద ఎమెరీ పేపర్ పరిచి రుద్దితే అడుగు సమంగా వస్తాది. పక్కలు మాత్రం నిట్టనిలువుగా ఉండకూడదు, పైకి పోయేకొద్దీ కొంచెం సన్నం కావాల, లేకుంటే షీట్ చల్లారినాక చెక్కను కరుచుకొని ఊడిరాదు, మొదట్లో నాకు రెండు పీసులు అట్లే పగిలినాయి. ప్లైవుడ్‌లో అచ్చు కంటే చుట్టూ షీట్ మందమంత పెద్ద బెజ్జం కోసి, దానికి షీట్ బిగించి వేడి చేస్తే మధ్యలో జారతాది, అప్పుడే అచ్చును టక్కున నొక్కేయాల, ఆలస్యమైతే బుడగలే.

సాగిన చోట పల్చబడతాది కాబట్టి 1 మిల్లీమీటర్ షీట్ తీసుకోండి. కానీ 1/24 స్కేల్‌లో అది అసలు కారులో 24 మిల్లీమీటర్ల మందం లెక్క, అందుకే అంచులు లోపలి నుంచి గీకాల, లేకుంటే మొద్దుగా కనపడతాది.

ఇంగొకటి, అద్దాలకు పీవీసీ షీట్ అన్నారు, అది మాడితే పొగ చెడ్డది, పిల్లోళ్ళున్న ఇంట్లో వద్దు, పెట్‌జీ (PETG) అనే ఇంకో రకం పారదర్శక ప్లాస్టిక్ షీట్ వాడండి.