వికటకవిని తిరగేయలేని కోడ్ మనకెందుకు?

హైదరాబాద్ అమీర్‌పేట్ కోచింగ్ సెంటర్లలో స్ట్రింగ్స్ (కోడ్‌లో అక్షరాల వరుసలు) క్లాస్ మొదలైందంటే చేయించే ప్రోగ్రాములు దాదాపు ఖాయం. స్ట్రింగ్‌ని తిరగేయడం ఒకటి, అది పాలిండ్రోమ్ అవునో కాదో చెప్పడం ఇంకొకటి. తర్వాత మాదాపూర్‌లో ఇంటర్వ్యూకి వెళ్తే అక్కడా అవే అడుగుతారు. ఆ ప్రోగ్రామ్‌కి ‘వికటకవి’ అని ఇచ్చి చూడండి. పాలిండ్రోమ్ కాదంటుంది. తెనాలి రామకృష్ణుడి కథ విన్న ప్రతి పిల్లాడికీ ఆ మాట ఎటు చదివినా ఒకటేనని తెలుసు. మన ఊళ్లో మనవాళ్లు మనవాళ్లకే నేర్పుతున్న కోడ్‌కి తెలియదు. ఇది నాకు నిజంగా బాధగా ఉంది, అందుకే ఇంత పొడుగు పోస్ట్.

జరిగేది ఇదీ. ‘వి’ని కంప్యూటర్ ఒక్క ముక్కగా దాచుకోదు. ‘వ’ని ఒకచోట, గుడిని దాని పక్కన వేరుగా పెడుతుంది. మనం ఐదు అక్షరాలు అనుకునే వికటకవి దానికి ఏడు కోడ్ పాయింట్లు, అంటే ఒక్కో గుర్తుకి ఇచ్చే నంబర్లు. వాటిని వెనక నుంచి పేర్చితే చివరి గుడి ముందుకొచ్చి, పట్టుకోవడానికి హల్లు లేక చుక్కల వలయం మీద నిలబడుతుంది. మొదటి గుడి వెళ్లి ‘క’కి అంటుకుని ‘కి’ అవుతుంది. అదే ప్రోగ్రామ్‌కి జలజ, కనక, సరస ఇవ్వండి, చక్కగా పనిచేస్తుంది. వాటిలో గుణింతాలూ లేవు, ఒత్తులూ లేవు. తెలుగులో టెస్ట్ చేశామని ఎవరైనా చెబితే ఏ మాటలతో చేశారని అడగాలి.

స్థానాన్ని బట్టి అక్షరాన్ని పట్టుకోవడం తప్పని నేను అనడం లేదు. పద్యం రాసేవాళ్లు చేసేది అదే కదా. ప్రాస అంటే పాదంలో రెండో అక్షరం. ఉత్పలమాలకు పాదానికి 20 అక్షరాలు, పదో అక్షరం దగ్గర యతి. చంపకమాలకు 21, యతి పదకొండో అక్షరం. మత్తేభానికి పద్నాలుగోది. ఇంత కచ్చితంగా లెక్కపెట్టిన సంప్రదాయంలో ఒత్తుని విడిగా ఒక స్థానంగా లెక్కవేసినవాళ్లు ఎవరూ లేరు. ‘స్త్రీ’ ఒక్క అక్షరం. పైథాన్‌ని లెన్ (పొడవు) అడిగితే 6 కోడ్ పాయింట్లు లెక్కపెట్టి 6 అంటుంది. కంప్యూటర్ దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో అది 18 బైట్లు. ఈ మూడు లెక్కలూ సరైనవే, ఎక్కడ ఏది కావాలో తెలిసి వాడితే. మనుషులు చదివే చోట కావలసింది మొదటిది. మన కోడ్ రెండోదాన్నో మూడోదాన్నో పట్టుకుని కోస్తుంది.

కోత విషయంలో తెలుగుకు ఒక ప్రత్యేకమైన ప్రమాదం ఉంది. హైదరాబాద్ అని ఇంగ్లిష్‌లో రాసి చివరి అక్షరం కోసేస్తే, తెగిందని చూడగానే తెలుస్తుంది. తెలుగులో ప్రతి హల్లులోనూ ‘అ’ దాగి ఉంటుంది కాబట్టి, గుణింతం గుర్తు ఊడిపోతే మిగిలేది కూడా నిక్షేపమైన అక్షరమే. ‘మందు’లో చివరి కోడ్ పాయింట్ పోతే ‘మంద’ అవుతుంది. ఎర్రర్ రాదు, చుక్కల వలయం రాదు, లాగ్‌లో ఏమీ ఉండదు. మా అత్తయ్య పేరు లక్ష్మి. ఒక ఇన్సూరెన్స్ యాప్ పేర్లలో మొదటి నాలుగు కోడ్ పాయింట్లు చూపించి మిగతావి చుక్కలు పెడుతుంది. స్క్రీన్ మీద ఆమె పేరు ‘లక్ష’, ఆ తర్వాత మూడు చుక్కలు. పాలసీలో లక్ష రూపాయలు ఏమైనా తేడా వచ్చాయేమోనని టెన్షన్ పడి నాకు ఫోన్ చేసింది. ఆమె చదివింది సరిగానే చదివింది.

ఇంకో చోట తెలుగు పేరు టైప్ చేస్తే ‘అక్షరాలు మాత్రమే వాడండి’ అని మెసేజ్ వస్తుంది. పైథాన్‌లో అన్నీ అక్షరాలేనా అని చూసే ఈజ్‌ఆల్ఫాతో తనిఖీ చేస్తే కనక పాసవుతుంది, లక్ష్మి ఫెయిలవుతుంది. గుణింతాలు, పొల్లు దాని దృష్టిలో అక్షరాల కింద రావు. మాటలు విడదీయడానికి అదే పైథాన్‌లో నమూనాతో వెతికే రెగెక్స్‌లో బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ వాడితే ‘తెలుగు’ కాస్తా త, ల, గ అని మూడు ముక్కలై వస్తుంది. నీ పేరులో ఉన్నవి అక్షరాలే కావని ఒక మనిషికి చెప్పడం ఎంత అవమానమో ఆ ఫారం రాసినవాళ్లు ఒక్కసారి ఆలోచించాలి.

మన ఊరి పేరే తీసుకోండి. ‘హైదరాబాద్’ మామూలుగా తొమ్మిది కోడ్ పాయింట్లు. కానీ ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే గుర్తుగానూ రాయొచ్చు, ఎత్వం ప్లస్ ఇంకో గుర్తుగానూ రాయొచ్చు. రెండో పద్ధతిలో పది. కంటికి రెండూ ఒకటే, ముందుగా నార్మలైజ్ చేయకపోతే (ఒకే రూపంలోకి మార్చకపోతే) కోడ్‌కి వేర్వేరు. ఇక ‘హైదరాబాద్‌లో’ అన్నప్పుడు ‘ద్’ పక్కన కనిపించని గుర్తు ఒకటి ఉంటుంది, దాన్నే జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. కనిపించని గుర్తులన్నీ చెత్తే అనుకుని తుడిచేసే క్లీనింగ్ కోడ్ తగిలితే, ‘లో’ వెళ్లి ‘ద్’ కింద ఒత్తయి కూర్చుంటుంది. వెతికితే దొరకదు. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లలో యాప్‌లు క్రాష్ అయిన వరుసలో కూడా ‘జ్ఞ’తో పాటు ఈ గుర్తే ఉంది. యాపిల్ ఐఓఎస్ 11.2.6లో సరిచేసింది. తెలుగు అక్షరం ఫోన్లను కూల్చిందని అప్పట్లో రాశారు. తప్పు అక్షరానిది ఎలా అవుతుంది? దాన్ని చూపించలేని సాఫ్ట్‌వేర్‌ది.

‘తెలుగులో ఎవరు టైప్ చేస్తారు?’ అనే మాట ఆఫీసుల్లో చాలాసార్లు విన్నాను. ఓటరు జాబితాలు తెలుగులో ఉన్నాయి, పట్టాదారు పాసు పుస్తకాలు తెలుగులో ఉన్నాయి. ఆ పేర్లు ఏదో ఒక డేటాబేస్‌లోకి వెళ్తాయి. ఒరాకిల్‌లో పేర్లు దాచే వర్చార్2 కాలమ్‌కి 30 అని ఇస్తే, సెట్టింగ్ మార్చకపోతే అది 30 బైట్లు. హైదరాబాద్ ఒక్కటే 27 తినేస్తుంది.

అక్షరాలుగా లెక్కపెడితే స్పీడ్ తగ్గుతుందనే వాదన కూడా ఉంది. నిజమే, ఐదో అక్షరం ఎక్కడుందో తెలియాలంటే మొదటి నుంచి నడుచుకుంటూ వెళ్లాలి. మనిషి పేరంత పొడవుకి ఆ నడక ఎంత?

పరిష్కారం కష్టమైనది కాదు. జావాస్క్రిప్ట్‌లో అక్షరాలుగా విడదీసే సెగ్మెంటర్ ఇప్పుడు క్రోమ్, సఫారీ, ఫైర్‌ఫాక్స్ మూడింటిలోనూ ఉంది. పైథాన్‌లో రెగెక్స్ ప్యాకేజీ వేసుకుని అక్షరాన్ని మొత్తంగా పట్టుకునే బ్యాక్‌స్లాష్ క్యాపిటల్ ఎక్స్ వాడొచ్చు. యాపిల్ వాళ్ల స్విఫ్ట్ భాష అయితే అక్షరాలనే లెక్కపెట్టేలా తయారైంది. ఒక్కటి గుర్తుంచుకోండి. పాత నియమాల ప్రకారం ‘స్త్రీ’ని స్, త్, రీ అని మూడుగా విడగొట్టేవారు. తెలుగు ఒత్తులను కలిపి ఉంచే నియమం 2023లో యూనికోడ్ 15.1తో వచ్చింది. కాబట్టి మీ లైబ్రరీ వెర్షన్ చూసుకోండి. స్క్రీన్‌లో పట్టడానికే అయితే అసలు కోడ్‌లో కోయొద్దు, సీఎస్‌ఎస్‌లో (పేజీ రూపాన్ని చెప్పే భాష) ఎలిప్సిస్ (మూడు చుక్కలు) పెట్టి బ్రౌజర్‌కి వదిలేయండి.

అమీర్‌పేట్‌లో పాఠాలు చెప్పే అన్నలకు, అక్కలకు నా విన్నపం. స్ట్రింగ్స్ క్లాసులో ఒక్క గంట దీనికి ఇవ్వండి. ఇంటర్వ్యూలు చేసేవాళ్లు స్ట్రింగ్ రివర్స్ అడగాలనుకుంటే అడగండి, ఇన్‌పుట్‌గా ‘స్వాతంత్ర్యం’ ఇవ్వండి. మూడు అక్షరాలు, 12 కోడ్ పాయింట్లు. కోడ్ మొదలుపెట్టే ముందు ‘దేన్ని తిరగేయమంటారు?’ అని అడిగిన అభ్యర్థిని వదులుకోకండి.