పద్దెనిమిదేళ్ల దాకా ఫోను వద్దన్న సందేశానికి నా జవాబు

తిరుపతిలో పదో తరగతి, ఇంటర్ పిల్లల తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో నెల రోజులుగా ఒకే సందేశం తిరుగుతోంది. ‘పద్దెనిమిదేళ్లు నిండేదాకా పిల్లల చేతికి ఫోను ఇవ్వకండి. స్టీవ్ జాబ్స్, బిల్ గేట్స్ తమ పిల్లలకే ఇవ్వలేదు. ఆస్ట్రేలియా పిల్లలకు ఫోన్లు నిషేధించింది. ఫోను హెరాయిన్‌తో సమానం. ఇవ్వక తప్పకపోతే రోజూ రాత్రి వాళ్ల సందేశాలన్నీ చదవండి, అది మీ హక్కు’ అని. నాకే ఆరుగురు పంపారు. వాళ్ల భయం నాకు తెలుసు, మా అమ్మాయికి పదహారేళ్లు. కానీ భయంతో పంపినంత మాత్రాన అబద్ధం నిజమైపోదు.

2010లో ఐప్యాడ్ వచ్చిన కొత్తలో, అది మీ పిల్లలకు నచ్చిందా అని ఒక విలేకరి అడిగితే, వాళ్లింకా వాడలేదని, ఇంట్లో ఇలాంటివాటికి హద్దు పెడతామని జాబ్స్ చెప్పారు. హద్దు వేరు, నిషేధం వేరు. ఇక గేట్స్ 2017లో చెప్పింది, తమ పిల్లలకు పద్నాలుగేళ్లు వచ్చేదాకా ఫోను ఇవ్వలేదని. పద్దెనిమిదికి సాక్షిగా తెచ్చిన మనిషే పద్నాలుగు అంటున్నారు.

ఆస్ట్రేలియా నిషేధించింది ఫోన్లను కాదు. 2025 డిసెంబరు 10 నుంచి పదహారేళ్ల లోపు పిల్లలకు సోషల్ మీడియా ఖాతాలు ఉండకూడదంది. ఉంటే జరిమానా కంపెనీలకే, పిల్లలకూ తల్లిదండ్రులకూ కాదు. వాట్సాప్ ఆ నిషేధంలో లేదు.

హెరాయిన్ పోలిక ఇంకా అన్యాయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో పేరు పెట్టి చేర్చిన రుగ్మత గేమింగ్‌కు సంబంధించినది, ఫోను వాడకం కాదు. దానికైనా ఆట మీద అదుపు తప్పడం, చదువూ తిండీ దెబ్బతింటున్నా ఆపలేకపోవడం సాధారణంగా ఏడాది పాటు కనిపించాలి. ఆదివారం రెండు గంటలు వీడియోలు చూసిన పిల్లను మత్తు బానిస అంటే, నిజంగా ఆ బాధలో ఉన్న పిల్లను మనం గుర్తు పట్టలేం.

రోజూ సందేశాలు చదవమన్న సలహా దగ్గర మాత్రం నేను ఆగాలి, ఎందుకంటే ఆ పని నేను చేశాను. రెండేళ్ల క్రితం రాత్రి తొమ్మిదిన్నరకు ఫోను నా చేతిలో పెట్టి, నేను ఒక్కో సందేశం పైకి జరుపుతుంటే మా అమ్మాయి గుమ్మం దగ్గర నిలబడి నా ముఖమే చూసేది. లెక్కల నోట్సు ఫోటోలు, రేపు పరీక్ష ఉందా అన్న ప్రశ్నలు, అంతే. నాలుగు నెలల తరువాత తెలిసింది, అసలు మాటలన్నీ స్నేహితురాలి ఫోనులో నడుస్తున్నాయని. ఫోటో పంపమని ఒక అబ్బాయి మూడు వారాలుగా వేధిస్తున్న సంగతి కూడా అందులోనే ఉంది. ‘చెబితే ఫోను లాక్కుంటావని చెప్పలేదమ్మా’ అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇప్పుడు నేను చదవను. ఎవరు బెదిరించినా, ఏం అడిగినా నాకు చెప్పినందుకు ఫోను తీసుకోనని మాటిచ్చాను. రాత్రి పదింటికి ముగ్గురి ఫోన్లూ, వాళ్ల నాన్నదీ నాదీ సహా, హాల్లో చార్జింగుకు వెళ్తాయి. ఏ యాప్ ఉంచుకోవాలో తన ఇష్టం, కొత్త ఖాతా తెరిస్తే ముందు చెప్పాలి. ఈ మధ్య తెలియని వ్యక్తి నుంచి సందేశం వస్తే తనే తెచ్చి చూపించింది.

అయినా పద్దెనిమిదేళ్ల దాకా ఫోను లేకుండా ఎలా? తిరుమల మూడు వందల రూపాయల దర్శనం టికెట్లు ఆన్‌లైన్‌లో విడుదలయ్యే రోజు, బంధువుల ఆధార్ నంబర్లు కాగితం మీద రాసుకుని ఫోను ముందు కూర్చునేది మా ఇంట్లో మా అమ్మాయే. మన అవసరానికి పెద్దదైన పిల్ల, తన అవసరానికి చిన్నదెలా అవుతుంది? ఇంటర్ కాగానే హాస్టల్‌కు వెళ్తుంది. అక్కడ తొలిసారి ఫోను పట్టుకుంటే, తప్పు చేసినప్పుడు పక్క గదిలో నేనుండను.

ఇన్‌స్టాగ్రామ్ సంగతి మా ఇంట్లో ఇంకా తేలలేదు. తన ఖాతా అందరికీ కనిపించాలని తను, ఇంటర్ అయ్యేదాకా తెలిసినవాళ్లకే ఉండనీ అని నేను. ఆదివారం మళ్లీ కూర్చుని మాట్లాడుకుంటాం.