చచ్చాకే సమన్వయమా?

వాతావరణ మార్పును అందరం కలిసి ఎదుర్కోవాలని చెప్పని నాయకుడు లేడు. మంత్రి, పారిశ్రామికవేత్త, శాస్త్రవేత్త, వైద్యుడు ఒకే వేదిక ఎక్కుతారు, శాలువాలు కప్పించుకుంటారు, దిగిపోతారు. మర్నాటి నుంచి ఎవరి ఫైలు వారిదే. తెలుగు రాష్ట్రాల్లో రెవెన్యూ, పోలీసు, వైద్య శాఖలు తప్పనిసరిగా కలిసే సందర్భం మాత్రం ఒకటుంది. ఎండలో కూలిపోయిన మనిషిది వడదెబ్బ చావేనా కాదా అని తేల్చడానికి తహసీల్దారు, ఎస్సై, ప్రభుత్వ వైద్యుడు త్రిసభ్య కమిటీగా కూర్చుంటారు. ఆ మనిషి బతికుండగా ఈ ముగ్గురినీ ఒకచోట కూర్చోబెట్టిన వారెవరు?

2015 వేసవి ఈ రెండు రాష్ట్రాల్లో రెండు వేల మందికి పైగా పొట్టనపెట్టుకుంది. తర్వాత ప్రణాళికలు వచ్చాయి, కాదనం. 2023లో తెలంగాణ కూల్ రూఫ్ (ఎండ వేడిని తిప్పికొట్టే పైకప్పుల) విధానం తెచ్చింది. 2025 ఏప్రిల్‌లో వడగాడ్పులను రాష్ట్ర విపత్తుగా గుర్తించి, మృతుల కుటుంబాలకు రూ.4 లక్షల సాయం ప్రకటించింది. మంచిదే. కానీ అదే నెల మొదట్లో హైదరాబాద్‌లోని కంచ గచ్చిబౌలిలో చెట్లు కూల్చకుండా బుల్డోజర్లను ఆపడానికి సుప్రీంకోర్టు కలగజేసుకోవాల్సి వచ్చింది. అది ప్రభుత్వ భూమేనని, పెట్టుబడులు, ఉద్యోగాలు వస్తాయని సర్కారు వాదించింది. ఉద్యోగాలు వద్దని ఎవరూ అనరు. ఎండను విపత్తు అన్న ప్రభుత్వమే నీడను నరికించడం ఏం న్యాయం? ఒక శాఖ పరిహారం లెక్కగడుతుంటే ఇంకో శాఖ ఎకరాలు లెక్కగట్టింది.

కలిసి పనిచేయడం బ్రహ్మవిద్యేమీ కాదు. 2010 మే నెలలో అహ్మదాబాద్‌లో మామూలు కంటే 1,344 మరణాలు ఎక్కువగా నమోదయ్యాయి. 2013లో అక్కడి నగరపాలక సంస్థ ప్రజారోగ్య నిపుణులను, వాతావరణ శాఖను కలుపుకొని వేసవి కార్యాచరణ సిద్ధం చేసుకుంది. హెచ్చరిక రాగానే ఎవరు ఎవరికి ఫోన్ చేయాలో, ఆస్పత్రిలో ఏం సిద్ధంగా ఉండాలో ముందే రాసిపెట్టుకున్నారు. 2014, 2015లో ఏటా వెయ్యికి పైగా ప్రాణాలు దక్కాయని పరిశోధకుల అంచనా. ఇందులో గొప్ప టెక్నాలజీ ఏముంది? ఏ పని ఎవరిదో పేరు రాసి పెట్టడమే.

మన దగ్గర రాయనిది ఆ పేరే. మధ్యాహ్నం పనులు ఆపాలని ఏటా సలహా ఇస్తారు. ఆపని బిల్డర్‌ను అడిగేదెవరు? ఆగిన గంటలకు కూలి ఇచ్చేదెవరు? శవం దగ్గర కలిసే ముగ్గురు అధికారులు ఫిబ్రవరిలోనే ఎందుకు కలవరు? పర్యావరణం మీద ప్రసంగాలు దంచే నిర్మాణ సంస్థల పెద్దలు ముందు తమ సైట్లలో మిట్టమధ్యాహ్నం పని ఆపించి, కూలి కోయకుండా ఇవ్వాలి. కలెక్టర్లు, కార్మిక శాఖ, వైద్యులు ఒకే ఫైలు మీద సంతకాలు పెట్టాలి. అప్పటిదాకా మొక్కలు నాటే ఫొటోలు మా ఆఫీసుకు పంపొద్దు.